మనోవ్యాధియు, స్వతంత్ర జీవనమును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



కృష్ణవేణి సముద్రమును చేరు ఈ లంకభూములలో, చదువుకొనుచున్న పిల్లవాడు ఒకనాడు పుస్తకము మూసి కాలువగట్టున ఒంటరిగా మాటలాడ నారంభించినచో, ఇంటివారు తరచు ముందుగా వైద్యుని యొద్దకు పోరు. గాలి సోకినదనుకొందురు. తాయెత్తు కట్టింతురు. పెండ్లి చేసిన కుదుటపడునని మేనమామ సలహా చెప్పును. ఇవన్నియు ముగియుసరికి ఏడాది గడచును. చికిత్స ఎంత త్వరగా మొదలైన అంత మేలు గనుక, ఆ పోయిన ఏడాది మిక్కిలి విలువైనది.

ఈ వ్యాధిని స్కిజోఫ్రీనియా యందురు. 1908లో స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ ఈ పేరు పెట్టెను. ఆ గ్రీకు మాటల కర్థము చీలిన మనస్సు. దానిని పట్టుకొని, ఒకే మనిషిలో ఇద్దరుందురని సినిమాలవారు జనమును భ్రమపెట్టిరి. ఆలోచన, అనుభూతి, సంకల్పము ఒకదానితో నొకటి పొందిక తప్పుటయే ఆ చీలిక. ఎవరును లేనిచోట మాటలు వినబడును. పొరుగువారు కుట్ర పన్నుచున్నారని తోచును. చూచువారికి ఈ లక్షణములే పెద్దవిగా కనబడును. కాని తన బ్రతుకు తాను బ్రతుకదలచిన వానిని తరచుగా ఎక్కువ బాధించునది వేరొకటి: లేచి స్నానము చేయవలెనన్న పూనిక పుట్టకపోవుట. ఇంటివారు దానిని సోమరితన మందురు. ఇంతకన్న అన్యాయమైన మాట లేదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము లోకములో సుమారు 300 మందికి ఒకరు ఈ వ్యాధి కలవారు. ఆ సగటున 3,000 జనాభా గల గ్రామమునకు పదిమంది. ఆ పదిమంది యెవరని అడిగిన గ్రామములో పేర్లు చెప్పగలవా రరుదు. వెనుకగది తలుపు మూసియుండును.

1870 ప్రాంతమున వాల్తేరులో వెలసిన పిచ్చాసుపత్రి కోస్తా జిల్లాలకు చిరకాలము పెద్ద దిక్కు. బందరునుండి అది 300 కిలోమీటర్ల పైచిలుకు దూరము. 1952లో ప్యారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ అను మందును ఈ రోగులకు వాడి చూచిన పిమ్మట ఇంటివద్దనే చికిత్స సాధ్యమయ్యెను. నేడు కొన్ని వారముల కొకసారి వేయించుకొను సూదిమందులును కలవు. మందులకు దోషములు లేకపోలేదు: మత్తు, చేతివణుకు, ఒళ్లు పెరుగుట. ఈ బాధలకు విసిగియో, నయమైనదని తలంచియో మందు మానినవారిలో పెక్కుమందికి వ్యాధి తిరుగబెట్టును. మందు మార్పించుకొనుట, మోతాదు తగ్గించుకొనుట వైద్యునితో మాటలాడి చేయవలసిన పని.

ఇక స్వతంత్ర జీవనమన నేమి? ఒంటరితనము మాత్రము కాదు. గుడివాడలో ఒక గది అద్దెకు తీసికొని, తన అన్నము తాను వండుకొని, రాత్రి భోజనముతోపాటు మాత్ర వేసికొని, నిద్ర పట్టని రాత్రులు రెండు మూడు వరుసగా వచ్చినచో అది హెచ్చరిక యని గుర్తించి వైద్యుని చూడబోవుట స్వతంత్ర జీవనము. ఆదివారము అక్కగారింట భోజనము చేసినంతమాత్రమున అది చెడదు. లండనులో జార్జి బ్రౌన్, ఆయన సహచరులు చేసిన పరిశోధనలలో ఒక వింత తేలినది. ఎల్లప్పుడు దెప్పుచుండు ఇంటనే కాక, అతిగా కాపాడు ఇంటను వ్యాధి ఎక్కువగా తిరుగబెట్టుచుండెను. పొయ్యి ముట్టనీయని తల్లి ప్రేమను శంకింపరాదు. ఆ ప్రేమ కొడుకు చేతిని మొద్దుబార్చునన్న మాట మాత్రము నిజము.

పని విషయములో ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. దివిసీమలో రొయ్యల చెరువులకు రాత్రి కాపలా పని సులభముగా దొరకును. ఒంటరిగా నుండువానికి తగిన పనియని బంధువులు చేర్పింతురు. నిద్రచెడుట ఈ వ్యాధిని రేపు కారణములలో ముఖ్యమైనది. ఆ జీతమునకన్న పెడనలో పగటిపూట అద్దకపు పని తక్కువ కూలికైనను మేలు.

తుపాను మాట వేరుగ చెప్పవలెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ మరువలేదు. హెచ్చరిక రాగానే జనము రేషను కార్డు, నగానట్ర మూటకట్టి ఆశ్రయ భవనమునకు పోవుదురు. మూటలో మందులు పెట్టుకొనకపోయిన, ఆ జనసమ్మర్దములో, ఆ హోరులో, నిద్రలేక, మాత్రలేక గడపు నాలుగు దినములు నాలుగేండ్ల కుదుటను చెరుపగలవు. ఇంత చిన్న సంగతి వ్రాయించి ఆశ్రయ భవనముల గోడలకు తగిలించుట కష్టమైన పని గాదు.

చట్టము ఈనాడు రోగి పక్షముననే యున్నది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టివేయబడిన రోగులు 25 మందికి పైగా అగ్నికి ఆహుతియైరి. 2018 మే 29న అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము (2017) గొలుసులను నిషేధించినది. సమాజములో నివసించు హక్కు నిచ్చినది. ఇల్లు లేదనియో, ఇంటివారు రానీయరనియో ఎవరిని ఆసుపత్రిలో ఉంచరాదన్నది. మళ్లీ జబ్బుపడినచో తనకెట్టి చికిత్స కావలెనో, తన పక్షమున ఎవరు మాటలాడవలెనో బాగున్ననాడే వ్రాసియుంచుకొనవచ్చును. 2022 అక్టోబరులో ప్రారంభమైన 14416 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు తెలుగులోనే సలహా లభించును. చెన్నైలో 1993లో స్థాపితమైన బన్యన్ సంస్థ, చిరకాలము ఆసుపత్రులలో నుండిపోయిన వారికి మామూలు వీధులలో ఇండ్లు అద్దెకు తీసికొని, కొద్దిమందిని కలిపి కాపురముంచుచున్నది. అట్టి యింటిని బందరులో ఎవరద్దెకిత్తురన్నదే అసలు ప్రశ్న.

గణితవేత్త జాన్ నాష్ కథతో ఈ ప్రసంగము ముగియును. ఏండ్లతరబడి ఈ వ్యాధితో బాధపడిన ఆయనకు 1970లో, అప్పటికే విడాకులు పొందిన భార్య ఎలీషియా, తన యింట చోటిచ్చెను. ఆ పిమ్మట ఆయన మందులు మానెను. ఆ విషయమున ఆయనను అనుకరించుట ప్రమాదము. గ్రహింపదగినది మరియొకటి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆవరణలోను, గ్రంథాలయములోను ఆయన మౌనముగా తిరుగుచు, నల్లబల్లలపై ఎవరికి నర్థముకాని లెక్కలు వ్రాయుచు ఏండ్లు గడపెను. విద్యార్థులు వింతగా చూచిరి గాని ఆయనను వెళ్లగొట్టలేదు. 1994లో ఆయనకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చెను. అంతకుముందు ఇరువదేండ్లుగా ఆ గ్రంథాలయమున ఆయనకు కూర్చుండుటకు ఒక కుర్చీ ఉండెను.