చర్చి ఆవరణము - ఊరి రచ్చబండ



మా గ్రామమున చర్చికి రోడ్డు ప్రక్కగా కొంత భూమి కలదు. ప్రత్తి, మిరప పండించు నల్లరేగడి నేల యది. ఏడాది క్రిందట దానిని ఏమి చేయవలెనను ప్రశ్న సంఘమున పుట్టెను. దుకాణములు కట్టి అద్దెల కిత్తమని కొందరనిరి. చుట్టును గోడ పెట్టి తాళము వేయుదమని కొందరనిరి. నలుగురు కూడి కూర్చుండుటకు తగిన స్థలముగా బాగుచేయుదమని మరికొందరనిరి. వయస్సుచేత పెద్దవాడనని నన్నును అడిగిరి. ఆనాడు నేను చెప్పిన మాటలనే నేడు మీకు విన్నవించుచున్నాను. ఇట్టి ప్రశ్న మీ గ్రామములందును రావచ్చును.

మన గ్రామములలో రచ్చబండ లేని గ్రామము అరుదు. రావిచెట్టో వేపచెట్టో, దాని చుట్టును ఒక అరుగు. తగవులు తీరుట అక్కడనే, సంబంధములు కుదురుట అక్కడనే. అయితే ఊరివారందరును ఆ అరుగుపై కూర్చుండిరా? మా తాత కూర్చుండి యెరుగడు. పిలుపు వచ్చినప్పుడు పోయి, తలగుడ్డ తీసి చంకనిడుకొని, దూరమున నిలిచి, చెప్పినది విని వచ్చెడివాడు. ఆయన మొట్టమొదట పదిమంది నడుమ సమానముగా కూర్చున్నది మా పల్లెలోని చర్చి ఆవరణమున, వేపచెట్టు క్రింద. పగలు అక్కడనే బడి. రాత్రి అక్కడనే ప్రార్థన. తరువాత అక్కడనే మంచిచెడ్డల విచారణ. మందిరమునకు అప్పుడు తాటాకు కప్పు మాత్రమే యుండెను. కాని కూర్చుండు హక్కుండెను.

ఇది మా పల్లె కథ మాత్రమే కాదు. ఒంగోలులో ప్రార్థన కొండ యనునది కలదు. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దొరయు, ఆయన భార్యయు, నెల్లూరినుండి వారి వెంట వచ్చిన జూలియా మొదలైన ముగ్గురును, వెరసి ఐదుగురు, ఆ కొండ యెక్కి ప్రార్థించిరి. క్రింద నాగజెముడు పెరిగిన మెరక నొకదానిని చూపి, అది మిషనుకు నివాసస్థలము కావలెనని జ్యూయెట్ దొర కోరెనని ఆ సంఘపువారు నేటికిని చెప్పుకొందురు. ముండ్లపొదల నేలను చూచి మనుష్యులు కూడు చోటును ఊహించుట, ఆ కథలో నాకు మిక్కిలి ప్రియమైన మాట.

తరువాత 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరెను. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో అక్కడ సంఘము ఏర్పడెను. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. అప్పుడాయన బకింగుహాము కాలువలో కొంత భాగము త్రవ్వించు పనిని గుత్తకు పుచ్చుకొని, ఆకలిగొన్న వేలాది జనులకు కూలి కల్పించెను. తిండి కొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై, కరవు దినములలో ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ జనసమూహమునకు మందిరము లేదు. చెట్ల నీడయు నదియు వారికి మందిరమాయెను. కూడుకొనుటకు ముందు కావలసినది గోడలు కావు, నీడయు నీరును అని దీనివలన తెలియుచున్నది.

ఇక మా ప్రశ్నకు వచ్చెదను. దుకాణములు కట్టవలెనన్నవారిలో నా తమ్ముడే యొకడు. అతడు ధనాశ గలవాడు కాడు. మందిరపు కప్పు కారుచున్నది. పాస్టరుగారి జీతము మూడు నెలలు నిలిచినది. "అన్నా, చెట్టునీడ చూపి కప్పు వేయించగలవా?" అని నన్నడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనది. నేనిట్లు చెప్పితిని: "తమ్ముడా, అద్దె రాబడి కప్పు వేయును, నిజమే. కాని తాత కూర్చున్న చోట రేపు మన మనుమడు కూర్చుండవలెనన్న కొట్టువాని సెలవు కావలసి యుండును. ఒకమారు పోయిన కూర్చుండు హక్కును ఏ అద్దెయు తిరిగి కొనదు."

గోడయు తాళమును కోరినవారికి వేరొక సంగతి చెప్పితిని. ఒక పట్టణమున, దాని పేరు చెప్పను, మిట్టమధ్యాహ్నము నేనొక చర్చి ముందు నిలిచితిని. లోపల పెద్ద చెట్లు, చల్లని నీడ, గేటుకు తాళము. వెలుపల ప్రత్తి తీసి వచ్చిన కూలి స్త్రీలు ఎండలో అన్నము మూటలు విప్పుకొనుచుండిరి. ఒకనాడు దూరమున నిలువబడినవారి మనుమలమైన మనము, నేడు ఇతరులను దూరమున నిలుపుట తగునా? ఈ మాట అన్నప్పుడు సంఘమున ఎవరును బదులు చెప్పలేదు.

తుదకు అందరును కలిసి యొక త్రోవ కనుగొంటిమి. ఆవరణమున ఒక మూల సామాన్యమైన సావడి. తక్కినది చెట్లును అరుగులును. వివాహములకు సావడి నిచ్చునప్పుడు ఏ కులమువారైనను, ఏ మతమువారైనను ఒకటే రుసుము. ఇచ్చుకోలేనివారికి అదియును లేదు. ఆ రాబడితో కప్పు మరమ్మతు జరుగవలెను. లెక్కలు మూడు నెలల కొకసారి అందరియెదుట చదువవలెను. భూమి హక్కు పత్రములు ఒకరి పెట్టెలో నుండక, సంఘపు పెద్దలందరికిని నకళ్లు ఉండవలెను.

కట్టడమును గూర్చి రెండు మాటలు. రేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు చీలును. వేసవిలో చేయి దూరునంత బీటలు మీరెరుగనివి కావు. గోడలు పగులుటకు అదియే కారణము. కావున గట్టి నేల తగులువరకు పునాది త్రవ్వవలెను. తీసిన రేగడినే తిరిగి పూడ్చక గరువు మన్ను నింపి దిమ్మిస చేయవలెను. గోడ మొదట నీరు నిలువనీయరాదు. చెట్లను గోడకు ఎడముగా నాటవలెను. 1977 నవంబరు 19వ తేదీ తుపానులో, బాపట్లలో ఒక చర్చిని ఆశ్రయించినవారు సుమారు నూరుమంది ఆ కట్టడము కూలి మరణించిరని అప్పటి వార్తలు తెలిపినవి. ఆపద వచ్చినప్పుడు జనులు ఆలోచింపక పరుగెత్తునది కూడుకొను చోటికే. అది బలహీనమైన, నమ్మి వచ్చినవారికి మోసము చేసినట్లగును.

మాఘ ఫాల్గుణములలో మిరపకాయ కళ్లములకు వచ్చును. ఆవరణమున చదును చేసిన భాగములో, చోటు లేని చిన్నరైతులు వంతుల ప్రకారము కాయ ఎండబెట్టుకొనవచ్చునని నిర్ణయించితిమి. తాలుకాయ లేరు స్త్రీలు వేపచెట్టు నీడను కూర్చుందురు. వారికి మంచినీటి కుండయు, మరుగుగల దొడ్డియు ముందు ఏర్పరచి, తరువాతనే సావడి పునాది తీసితిమి. మొన్న ఆ అరుగుమీద ఊరి కరణముగారి వంశీయుడొకడు వచ్చి, నా ప్రక్కన కూర్చుండి, మిరప ధర సంగతి అడిగెను. అతడు సహజముగానే కూర్చుండెను. నాకు మాత్రము మా తాత జ్ఞప్తికి వచ్చెను.

కప్పు ఇంకను కొంత కారుచునే యున్నది. నా తమ్ముడు వానాకాలమున ఆ మాట నాకు గుర్తుచేయుచునే యుండును. ఆ ఋణము మేము తీర్చవలసినదే. మీ గ్రామములలో చర్చి భూమియైనను, గుడి మాన్యమైనను, మసీదు స్థలమైనను, దానిని బాగుచేయ దలచినప్పుడు ఎంత రాబడి వచ్చునని అడుగుడు, తప్పులేదు. కాని దానికి ముందు, ఇక్కడ ఎవరు కూర్చుందురు, ఎవరు నిలువబడుదురు, అని అడుగుడు.

సెలవు.