క్రొత్త సాధనము – పాత పాటలు



ఉద్యోగరీత్యా ఢిల్లీ సచివాలయమున ఉన్నను, నేను పుట్టి పెరిగినది ఈ బిలాస్‌పూరు రైల్వే కాలనీలోనే. రైలు కొలువులకై ఇచటికి వచ్చిన తెలుగు కుటుంబములు తమ పాటలను కూడ వెంట తెచ్చుకొన్నవి. సెలవులలో వాటిని ఆడాసిటీ అను ఉచిత సాధనముతో కంప్యూటరులో రికార్డు చేయుచుందును.

దాని పాత పద్ధతిలో పని వివరములు ఒక ఫైలులోను, అసలు ధ్వని వేరొక ఫోల్డరులోను ఉండెడివి. ఒకసారి నేను ఫైలునకు మాత్రమే నకలు తీసి, తక్కినది చెరపివేసితిని. మా మేనత్తగారి లాలిపాట పోయినది. మరల పాడుటకు ఆమె లేరు. తప్పు నాదే.

2021లో వెలువడిన మూడవ రూపమును ఇటీవల ఎక్కించుకొంటిని. ఇందు సమస్తమును ఒకే ఫైలులో ఇమిడియున్నది. 2022 నాటి మార్పు వలన మూలధ్వని చెడకుండ కొన్ని మెరుగులను పైన వేసి వినవచ్చును, వలదన్న తీసివేయవచ్చును. అయితే ఈ ఫైలును పాత రూపములు తెరువలేవు. కావున ప్రతి పాటకును వేవ్ ఫైలుగా మరొక ప్రతిని వేరుచోట దాచుచున్నాను.

మొదట తెరచినది ఒక తాతగారి పాట. నడుమ గూడ్సుబండి కూత వినవచ్చెను. దానిని తొలగింపబోయి మానితిని. ఆయన జీవితమంతయు ఆ కూతల నడుమనే గడచినది.

మీ యింట పాడగల పెద్దలున్నచో కబురు చేయుడు. దసరా సెలవులకు తప్పక వత్తును.