తపాలా ఉద్యోగి ఫ్రాంకీ మానింగ్



మొన్న పప్పు కుక్కర్లో పెట్టి వచ్చానో లేదో, మా అమ్మాయి ఫోనులో ఓ పాత సినిమా ముక్క చూపించింది. 1941లో వచ్చిన 'హెల్జాపాపిన్' అనే అమెరికా చిత్రం. వంటవాళ్ల, నౌకర్ల దుస్తుల్లో ఉన్న నల్లజాతి యువతీ యువకులు జంటలు జంటలుగా వచ్చి గాలిలోకి ఎగురుతున్నారు, గిర్రున తిరుగుతున్నారు. చూస్తూ ఉంటే కుక్కరు ఎన్ని కూతలు వేసిందో లెక్క తప్పింది నాకు. ఆ నాట్యాన్ని కూర్చి, తానూ అందులో ఆడినవాడు ఫ్రాంకీ మానింగ్. ఆయన గూర్చే ఈవేళ నాలుగు మాటలు.

1914లో ఫ్లోరిడాలో పుట్టి, పసితనంలోనే తల్లి వెంట న్యూయార్కులోని హార్లెమ్ పేటకు చేరాడు. తల్లికి నాట్యమంటే ప్రాణం. ఆవిడే కొడుకుతో, ఒళ్లు కర్రలా బిగబట్టుకుంటావు, నీకు నాట్యమేం వస్తుందిరా అందట! పిల్లవాడు ఉడుక్కుని, గదిలో కుర్చీనీ చీపురునీ జోడీ చేసుకుని సాధన చేశాడు. మనమూ పిల్లల్ని ఇలా అనేస్తూనే ఉంటాం. అందరూ చీపురు పట్టుకుని పంతం పట్టరు మరి.

హార్లెమ్‌లో 1926లో తెరచిన సవాయ్ అనే నాట్యశాల ఉండేది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే నేల మీద ఆడిన చోటు అది. జాజ్ సంగీతానికి జంటగా ఆడే 'లిండీ హాప్' అక్కడే వికసించింది. 1935లో ఒక పోటీలో ఫ్రాంకీ, తన జోడీ ఫ్రీడా వాషింగ్టన్‌ను వీపు మీదుగా గాలిలో తిప్పి దించాడు. ఆ నాట్యంలో అలాంటి విన్యాసం అదే మొదలు.

తరువాత యుద్ధం వచ్చింది, సైన్యంలోకి వెళ్లాడు. తిరిగొచ్చి సొంత బృందం పెట్టాడు గాని, జనం అభిరుచి మారిపోయింది. 1955లో బృందం ముగిసింది. సవాయ్ కూడా 1958లో మూతబడింది. ఇల్లు గడవాలి కదా! తపాలా శాఖలో చేరి సుమారు ముప్ఫై ఏళ్లు పనిచేశాడు.

ఆ ముప్ఫై ఏళ్ల దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా ఇంట్లో అటక మీద నా హార్మోనియం ఉంది. పెళ్లయిన కొత్తలో ఎక్కించాను. ఎవరూ వద్దనలేదు, నేనే దించలేదు.

1986లో కాలిఫోర్నియా నుంచి ఎరిన్ స్టీవెన్స్ అనే యువతి ఫోను చేసి, నాట్యకారుడు ఫ్రాంకీ మానింగ్ మీరేనా అని అడిగిందట. కాదమ్మా, నేను తపాలా ఉద్యోగిని అన్నాడట. ఆమే, ఆమె జోడీ స్టీవెన్ మిచెలూ పట్టుబట్టి ఒప్పించారు. డెబ్బై దాటాక గురువయ్యాడు. 1989లో 'బ్లాక్ అండ్ బ్లూ' నాటకానికి టోనీ బహుమతి అందుకున్నాడు. ఆ ఏడాది నుంచే స్వీడన్‌లోని హెర్రాంగ్ అనే పల్లెకు వెళ్లి నేర్పసాగాడు. దేశదేశాల పిల్లలు అక్కడికి వచ్చేవారు.

ఆయన నేర్పే తీరు వినండి. అంకెలు లెక్కపెట్టించడం తక్కువ, లయను నోటితో పాడి వినిపించడం ఎక్కువ. మన నట్టువనార్లు జతులు చెప్పరూ, అలాగన్నమాట. ఆట మొదలుపెట్టే ముందు జోడీకి వంగి నమస్కరించమనేవాడు. మీ ఎదుట ఉన్నది మహారాణి, ఆ పాట ఉన్నంతసేపూ అలాగే చూసుకోండి అని మగపిల్లలకు చెప్పేవాడు. పుట్టినరోజున ఎన్నో ఏడు వస్తే అంతమంది స్త్రీలతో వరసగా ఆడేవాడు. ఎనభై అయిదో ఏట ఎనభై అయిదుగురు!

తొంభై అయిదో పుట్టినరోజుకు న్యూయార్కులో పెద్ద ఏర్పాట్లు జరిగాయి. సుమారు నెల ముందు, 2009 ఏప్రిల్ 27న, కన్నుమూశాడు. శిష్యులు ఆ ఉత్సవం మానలేదు. మే నెలలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఆయన లేకుండానే ఆడారు.