మలిపోతల మాటేమిటి?

ఇటలీ పునరుజ్జీవన కాలపు పతక శిల్పి పిసానెల్లో గొప్పతనం ఇక్కడ కొత్తగా చెప్పనక్కరలేదు. చర్చిల ఐక్యత కోసం 1438లో ఫెరారాకు వచ్చిన బైజాంటైన్ చక్రవర్తి ఎనిమిదో జాన్ పాలియోలోగోస్ బొమ్మతో అతడు చేసిన పతకంతోనే పోత పతకాల కళ ఊపందుకుందన్నదీ తెలిసిందే. పాదువాలో 1390లోనే కర్రారా ప్రభువు వేయించిన పతకాలను ముందుకు తెచ్చి, ‘ఎవరు మొదలు’ అన్న తగవును తరాల తరబడి సాగదీసినవారు ఈ సభలోనూ ఉన్నారు. ఇక చాలు.

ఈ పీఠమెక్కిన మనిషి జీవితమంతా అడిగిన ప్రశ్న వేరు: మలిపోతలను ఎందుకు పట్టించుకోరు?

మైనపు నమూనా నుంచి అచ్చు తీసి కంచు పోస్తే తొలిపోత. ఆ పతకం మీదే మళ్లీ అచ్చు తీసి పోస్తే మలిపోత. చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది కాబట్టి ప్రతి తరమూ కాస్త చిన్నదవుతుంది, గీతలు మొద్దుబారతాయి. పతకాల పండితుడు జార్జ్ హిల్ 1930లో వెలువరించిన ఇటాలియన్ పతకాల మహాసూచిలో అడ్డుకొలతలున్నాయి. తర్వాతివారు వాటిని నాసి ప్రతులను ఏరిపారేయడానికే వాడుకున్నారు. అది హిల్ శ్రమకు అన్యాయం.

అసలైన ప్రతి అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. 1478 ఏప్రిల్ 26న ఫ్లోరెన్స్ కథెడ్రల్‌లో జూలియానో మెదీచీని పొడిచి చంపారు. అన్న లొరెంజో తప్పించుకున్నాడు. ఆ ఘోరాన్ని శిల్పి బెర్తోల్దో పతకంగా మలిచాడు. ఒకవైపు అన్న తల, మరోవైపు తమ్ముడి తల; రెంటి కిందా ఆ దాడే. పోత పోసింది మాత్రం ప్రాతోలో గ్వాత్సలోత్తి. సెప్టెంబరులో నాలుగు ప్రతులు లొరెంజోకు పంపాడు. కళాకారుడి చేతి స్పర్శ ఉంటేనే అసలైనదని తీర్పులిచ్చే పండితులు ఈ పతకానికి ముందుగా జవాబు చెప్పాలి.

మరో ఉదాహరణ: మాంతువా ప్రభువు భార్య ఇసబెల్లా దెస్తే పతకాన్ని చేసింది శిల్పి జాన్ క్రిస్తోఫోరో రొమానో. దాని బంగారు ప్రతికి చుట్టూ వజ్రాలు పొదిగించారు. అది ఇప్పుడు వియన్నాలో ఉంది. కంచు ప్రతులు ఆమెకు మేలు చేసినవారికి అందాయి. తన ముఖం పదిమంది చేతుల్లో తిరగాలన్నదే ఆమె కోరిక.

మాంతువా ప్రభువు కూతురు చెచీలియా గొంజాగా పెళ్లి వద్దని 1445లో మఠంలో చేరింది. 1447 నాటి పిసానెల్లో పతకంలో మాత్రం బొమ్మ వైపు ఆస్థాన వేషంలోనే ఉంది. బొరుసు వైపు నెలవంక, యూనికార్న్, దాని పక్కన యువతి. స్తంభం మీద కళాకారుడి పేరు, సంవత్సరం. అరిగిన మలిపోతలో అక్షరాలు మసకబారవచ్చు. కానీ ఒక సన్యాసిని ముఖాన్ని తరాల తర్వాత ఎవరు, ఎందుకు మళ్లీ పోయించుకున్నారన్న ప్రశ్నకు జవాబు వెదకవలసింది అక్కడే.

ఈ వక్త చిరుద్యోగిగా ఉన్న రోజుల్లో ఒక సంగ్రహాలయంలో మలిపోతలన్నిటినీ ‘నకళ్లు’ అన్న చీటీతో ఒకే పెట్టెలో పోసేవారు. వేలాడదీయడానికి తొలిచిన రంధ్రాలు, వేళ్ల రాపిడికి అరిగిన ముక్కులు, చెంపలు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. ఆ నష్టం ఇప్పటికీ బాధిస్తుంది.

యువ పరిశోధకులు అలాంటి పెట్టెలు తెరవాలి. అడ్డుకొలత, బరువు, లోహం, రంధ్రం, అరుగుదల నమోదు చేయాలి. బొమ్మా బొరుసూ రెండూ ఫోటో తీయాలి. ఒకే పతకం పోతలన్నిటినీ వరసపెట్టి వంశవృక్షం గీయాలి. చెచీలియా పతకంతో ఆ పని మొదలుపెట్టడానికి ఈ సభ తీర్మానం చేయాలి. వచ్చే సమావేశానికి తొలి జాబితా అచ్చులో రావాలి.