కారెంపూడి వీరుల తిరునాళ్ళు - చాపకూడు

దాచేపల్లి ప్రక్కన పారు నాగులేరే కారెంపూడి వీరులకును తీర్థము. ఏటేటా కార్తిక అమావాస్యనాడు ఆచారవంతులు వీరుల ఆయుధములను ఆ యేటి నీట శుద్ధిచేసి వీరుల గుడికి చేర్తురు. పిదప రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో ఐదు దినముల ఉత్సవము సాగును. కథలో కోడిపోరు ముందు, రాయబారము వెనుక. ఉత్సవమున వరుస మారినది. వీరవిద్యవంతులకు మాత్రము దానితో పేచీ లేదు. శ్రీనాథుని పేర నున్న పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతము 1911లో అచ్చువేయించెను. వారి గొంతున ఆ కథ అంతకు ఎంతో ముందునుండియు నిలిచియున్నది.

మందపోరునాడు చాపకూడు. 12వ శతాబ్దిలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టెననియు, మాల కులమున పుట్టిన కన్నమదాసును కొడుకుగా చేకొని సేనానిని చేసెననియు ప్రతీతి. అంటరానితనమును మన రాజ్యాంగము రద్దుచేసినది 1950లో. నడుమ ఏడు శతాబ్దములకు పైగా గడచినవి. గుడి ముంగిట ప్రక్కప్రక్కన భుజించినవారే ఊరికి మరలి అరుగుపై ఒకరినొకరు దూరముంచుటయు కలదు.

కల్లిపాడుతో ఉత్సవము ముగియును. ఆయుధములు ఎవరి యూళ్ళకు వారితో మరలును. చాపయు మరలుచున్నదా యన్నది అడుగదగిన ప్రశ్న.