డ్యూటీ అయ్యాక బొమ్మలు: ఒక పాత పుస్తకం నాకు నేర్పింది

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది ఇక్కడ రాసి పెడుతున్నాం.)

శుక్రవారం కదా, బట్టలు ఉతుక్కుంటూనో, కూర కలుపుకుంటూనో వింటుంటారు. ఈసారి వీసాల ముచ్చట లేదు, జీతాల ముచ్చట లేదు. బొమ్మలు గీయడం గురించి చెప్తా. నవ్వకండి, చివరిదాకా వినండి.

మాది జగిత్యాల దగ్గర పల్లె. దోహాలో షట్టరింగ్ కార్పెంటర్‌గా పదకొండేళ్ల నుంచి చేస్తున్నా. నాలుగేళ్ల కింద అమ్మ పోయింది. టికెట్ దొరికి నేను ఇల్లు చేరేసరికి మూడో రోజు. ఇంట్లో అమ్మ ఫొటో అంటే ఆధార్ కార్డు మీదిదొక్కటే. దాన్నే పెద్దది చేయించి దండ వేశారు. దాని ముందు నిలబడితే ఆమె ఎవరో అనిపించింది. మా అమ్మ అట్లా నిటారుగా, భయపడ్డట్టు ఏనాడూ కూర్చోలేదు. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించుకుంటూ, వంగి బీడీలు చేసేది. నాకు గుర్తున్న అమ్మ అది. ఆ ఫొటో మాత్రం లేదు.

తిరిగొచ్చాక గీద్దామని కూర్చున్నా. నాలుగు కాగితాలు చించేశా. ముఖంతో మొదలుపెడితే ఒళ్లు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు.

మా రూంలో ఫిలిప్పీన్స్ అతను ఒకడుండేవాడు. దేశం వెళ్లిపోతూ తన పుస్తకం నా చేతిలో పెట్టాడు. ఆండ్రూ లూమిస్ అని అమెరికా బొమ్మల ఆయన రాసింది. ఆయన పత్రికలకు, ప్రకటనలకు బొమ్మలు వేస్తూ చికాగోలో పాఠాలు కూడా చెప్పేవాడు. 'ఫన్ విత్ ఎ పెన్సిల్' 1939లో వచ్చింది. 'ఫిగర్ డ్రాయింగ్ ఫర్ ఆల్ ఇట్స్ వర్త్' 1943లో. ఇప్పటికీ కొత్తగా అచ్చు వేసి అమ్ముతున్నారంటే చూడండి. నా ఇంగ్లీషు అంతంతే. కానీ మొదటి పుస్తకంలో సగం పాఠం బొమ్మల్లోనే ఉంటుంది.

అందులో నాకు పనికొచ్చినవి చెప్తా.

ఒకటి, తల. ముందు ఒక బంతి గీయాలి. రెండు పక్కలా కొద్దిగా కోసేసినట్టు చదును చేయాలి. కనుబొమ్మల గీత, నడిమి గీత వేయాలి. నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే చోటు నుంచి కనుబొమ్మలు, అక్కడి నుంచి ముక్కు కింది అంచు, అక్కడి నుంచి గడ్డం. మూడూ సుమారు సమానం. కళ్లు తలలో సరిగ్గా సగంలో ఉంటాయి. మనమందరం పైకి పెట్టేస్తాం, అందుకే బొమ్మకు నుదురు మాయమవుతుంది.

రెండు, కొలత. మనిషి ఎత్తును తలలతో కొలుస్తారు. మామూలు మనిషి ఏడున్నర తలలు. లూమిస్ అందంగా కనబడాలని ఎనిమిది పెట్టుకున్నాడు. నేల మీద నిటారుగా కూర్చుంటే సుమారు నాలుగు. మా అమ్మ వంగి కూర్చునేది కాబట్టి నేను మూడున్నర పెట్టా. ఆ సగం తల తగ్గించగానే కాగితం మీద అమ్మ వీపు కనబడింది.

మూడు, బరువు. సైట్లో తాడుకి గుండు కట్టి నిలువు చూస్తాం కదా, బొమ్మకూ అంతే. ఒక కాలి మీద నిలబడ్డ మనిషిని ఎదురుగా గీస్తే, గొంతు గుంట నుంచి దించిన గీత బరువు మోసే కాలి మడమ దగ్గరికి రావాలి. రాకపోతే బొమ్మ పడిపోతున్నట్టు ఉంటుంది. ఈ పాఠం మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంకో పుస్తకం కూడా చూశా. కిమాన్ నికొలైడిస్ అనే న్యూయార్క్ మాస్టారుది, 'ది నాచురల్ వే టు డ్రా'. ఆయన 1938లో పోయాడు, పుస్తకం 1941లో వచ్చింది. మనిషి ఎట్లా ఉన్నాడో కాదు, ఏం చేస్తున్నాడో ముందు గీయమంటాడు, అదీ నిమిషంలోపు. ఆయన పెట్టిన లెక్క రోజుకి మూడు గంటలు. పన్నెండు గంటల డ్యూటీ చేసి, బస్సులో గంట కూర్చుని వచ్చేవాడికి మూడు గంటలు ఎక్కడివి? నేను ఇరవై నిమిషాలు పెట్టుకున్నా. మెస్సులో లైన్ కట్టినవాళ్లు, బస్సులో తల వాల్చి నిద్రపోయేవాళ్లు, మంచం మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసేవాళ్లు. ఒక్క మాట, అడగకుండా ఎవరినీ గీయకండి. నేను అడిగాకే గీస్తా, అయ్యాక వాళ్లకే చూపిస్తా. చాలామంది ఆ కాగితం ఇమ్మని ఇంటికి ఫొటో తీసి పంపుకుంటారు.

ఖర్చు ఎంతంటారా? ఒక పెన్సిల్, ఒక రబ్బరు, గీతల్లేని నోటుబుక్కు. అంతే.

పోయిన నెల అమ్మ బొమ్మ ఒకటి కుదిరినట్టు అనిపించి తమ్ముడికి పంపా. రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు. "అన్నా, ఎడమ భుజం ఇంకా కిందికుండేది. చాట అటు వాల్చేది కదా" అన్నాడు. నేను మర్చిపోయా, వాడికి గుర్తుంది. అమ్మ పోయినప్పటి నుంచి మేం ఇద్దరం ఫోన్లో పైసల లెక్కలు తప్ప మాట్లాడుకోలేదు. ఆ రోజు గంటసేపు మాట్లాడుకున్నాం. చాట ఏ పక్క, కత్తెర ఏ చేతిలో, దారం ఎక్కడ పెట్టేది, అన్నీ.

భుజం చెరిపి మళ్లీ గీశా. ముఖం ఇంకా కుదరలేదు. కుదిరేదాకా గీస్తా.

మీరూ ఈ రాత్రి ఒక బంతి గీయండి. కళ్లు సగంలో పెట్టండి. ఎవరిది గీశారో వచ్చే శుక్రవారం నాకు చెప్పండి. ఉంటా మరి.