లెక్కకు రాని కుట్టు

(ఇంటి దగ్గర కుట్టుపని చేసే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా చేతిలో ఉన్న ఈ గౌను చూడండి. మా అక్క కూతురి కోసం కుట్టాను. జార్జెట్ బట్ట, నడుము నుంచి కిందంతా క్రాస్ కటింగ్. చూసినవాళ్ళందరూ "ఎంత తేలిగ్గా ఉందో!" అన్నారు. బట్ట తేలికే గానీ పని తేలిక కాదు. ఆ సంగతి మాట్లాడుకోవడానికే దీన్ని ఇక్కడికి తెచ్చాను.

జార్జెట్, షిఫాన్, క్రేప్, పల్చటి రేయాన్ – వీటితో పని చేసినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. నూలు బట్ట పరిస్తే పరిచినట్టుంటుంది. ఇది అలా కాదు, చెయ్యి తీసేలోపు జరిగిపోతుంది. నేను నేల మీద పాత పేపర్లు పరిచి, వాటి మీద బట్టను నిలువు పోగు వంకర పోకుండా సర్ది, బట్టనూ పేపరునూ కలిపి గుండుసూదులు పెట్టి, రెండిటినీ కలిపే కత్తిరిస్తాను. సూదులు కూడా కుట్టు లోపలికి పోయే అంచులోనే పెట్టాలి, లేకపోతే గుర్తులు పడతాయి. మిషనుకు 16 నంబరు సూది పనికిరాదు. 11 గానీ 9 గానీ కావాలి, అదీ కొత్తది కావాలి. మొన పోయిన సూది పోగు లాగేస్తుంది. కుట్టు మొదట్లో మిషను బట్టను మింగెయ్యకుండా కింద సన్నటి కాగితం ముక్క పెట్టి కుట్టి, తర్వాత చింపెయ్యాలి. క్రాస్ కట్ చేసిన బట్ట బరువుకు సాగుతుంది కాబట్టి గౌనును ఒక రాత్రి వేలాడదీసి, మర్నాడు అంచు సమం చేసి, అప్పుడు చేత్తో మడిచి కుట్టాలి.

ఈసారి గడియారం పక్కన పెట్టుకుని కుట్టాను. ఇస్త్రీ చేసి సర్దడానికి 40 నిమిషాలు. పరచడం, కటింగ్ 90. గుండుసూదులు, కచ్చా కుట్టు 50. మిషను మీద 100. అంచు చేతికుట్టు 110. దారాలు కత్తిరించి మళ్ళీ ఇస్త్రీకి 30. మొత్తం 420 నిమిషాలు, అంటే ఏడు గంటలు. అందులో మిషను తిరిగింది గంటా నలభై నిమిషాలే. ఇదే మోడలు నూలు బట్టతో నాకు మూడున్నర గంటల్లో అయిపోయింది.

మరి దుకాణంవాళ్ళు రేటెలా కడతారు? "గౌనుకి ఇంత" అంటారు. ఏ బట్టో అడగరు. ఉదాహరణకు గౌనుకి 210 రూపాయలు ఇచ్చారనుకోండి. నూలు గౌను మీద గంటకు 60 పడుతుంది. జార్జెట్ గౌను మీద 30 పడుతుంది. దారం, సూది, కరెంటు మనవే.

నేను కొన్నేళ్ళు ఒక దుకాణానికి ఇంటి దగ్గర కుట్టి ఇచ్చాను. ఒకసారి ఒక షిఫాన్ పీసుకి భుజం దగ్గర పోగు లేచిందని బట్ట ఖరీదంతా నా కూలిలో కోశారు. అది బట్ట లోపమా, నా లోపమా అని చూసినవాళ్ళు లేరు. అడిగితే, "ఏమ్మా, మిషను నీదే, ఇల్లూ నీదే, నువ్వు మా దగ్గర పనిచేసే మనిషివి కాదుగా" అన్నారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఉందని తర్వాత తెలిసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996 జూన్‌లో ఇంటి నుంచి పనిచేసేవారి గురించి 177వ ఒడంబడిక చేసింది. దానికోసం పట్టుబట్టినవాళ్ళలో 1972లో అహ్మదాబాద్‌లో పుట్టిన మన 'సేవ' సంఘం ఉంది. పని ఇచ్చినవాళ్ళు చెప్పిన ప్రకారం చేసి ఇస్తున్నప్పుడు, మిషను ఎవరిదైనా సరే, ఆమె కార్మికురాలే అంటుంది ఆ ఒడంబడిక. దానితోపాటు వచ్చిన 184వ సిఫారసు ఇంకా వివరంగా ఉంది. కరెంటు ఖర్చు, మిషను మరమ్మతు ఖర్చు ఇవ్వాలి. పనిముట్లు మార్చడానికీ, సరుకు విప్పి సర్దడానికీ, మళ్ళీ కట్టడానికీ పట్టే సమయానికి కూడా ప్రతిఫలం ఇవ్వాలి. పాడైన పీసుకి ఇష్టం వచ్చినట్టు కోత పెట్టకూడదు. భారతదేశం ఈ ఒడంబడికను ఆమోదించలేదు. అయినా మన చట్టాల్లో ఏమీ లేదని కాదు. 1948 కనీస వేతనాల చట్టమే, సరుకు తీసుకెళ్ళి ఇంటి దగ్గర పని చేసి తెచ్చేవారిని కూడా లెక్కలోకి తీసుకుంది. పీసు రేటు మీద చేసినా, కాలం లెక్కన నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకూడదనే నియమం అందులోనూ ఉండేది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. కానీ ఎన్ని గంటలు పట్టిందో రాసి లేకపోతే ఆ నియమాన్ని ఎవరి ముందు పెట్టగలం?

సంస్థల్లో పనిచేసే మిత్రులకు ఒక మాట. మనం ఆడవాళ్ళకు మిషన్లు ఇప్పించాం. కటింగ్ నేర్పించాం, సర్టిఫికెట్లు పంచి ఫోటోలు దిగాం. రేటు కట్టుకోవడం మాత్రం నేర్పలేదు. శిక్షణలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ తప్పులో నాకూ వాటా ఉంది. మిషను తిరిగితేనే పని అని మనమే అనుకున్నాం. నేల మీద కూర్చుని బట్ట సర్దడం, చేత్తో అంచు కుట్టడం ఆడవాళ్ళు ఇంట్లో ఎలాగూ చేసే పనే కదా అన్నట్టు వదిలేశాం. దుకాణాదారు చేస్తున్నదీ అదే.

అందుకని మూడు పనులు చేద్దాం. ప్రతి ఒక్కరూ ఒక నోటు పుస్తకం పెట్టి బట్ట పేరు, మోడలు, తీసుకున్న తేదీ, పట్టిన గంటలు, ఇచ్చిన కూలి రాయండి. రాయడం రానివాళ్ళకు బడికెళ్ళే పిల్లలు రాసిపెడతారు. వీధికి పదిమంది కూర్చుని ఆ పుస్తకాలు పక్కపక్కన పెట్టి, నూలుకి ఒక రేటు, జారే బట్టకి ఒక రేటు తేల్చుకోండి. పీసు తీసుకునేటప్పుడే దుకాణంలో వెలుతురులో బట్ట పరిచి చూసి, లోపం ఉంటే అక్కడే రాయించుకోండి.

ఒక్కత్తే వెళ్ళి రేటు అడిగితే, "వేరేవాళ్ళు కుడతారులే" అంటారు. ఆ వేరేవాళ్ళం కూడా మనమే. కాబట్టి అందరం కలిసి ఒకే రేటు అడుగుదాం.

ఈ గౌను ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. లోపలి కుట్లు తిరగేసి చూడండి. మీకైతే ఎన్ని గంటలు పడుతుందో ఆ పక్కనున్న కాగితం మీద రాయండి. మన రేట్ల పట్టిక అక్కడి నుంచే మొదలుపెడదాం.